ఆ పూట నలుగు

సున్నిపిండి సామానులో బావంచాలు అని ఒకటుంటుంది. నల్లటి చిన్న గింజలు, నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఘాటైన వాసన. బేగంబజారులో మూలికల కొట్టుకెళ్లి సున్నిపిండి సామాను కట్టమంటే, కచ్చూరాలు, ఆకుపత్రి, గులాబీ రేకులతో పాటు వీటినీ ఓ గుప్పెడు వేసి పొట్లం కట్టేస్తారు. మా అమ్మ ఇంటికొచ్చాక ఆ గుప్పెడులో సగం తీసి వేరే డబ్బాలో పోసేది. ఎందుకమ్మా అంటే "ఎక్కువైతే ఒళ్లు మండుతుందే" అనేది. అంతకుమించి ఆవిడ చెప్పలేదు. రసాయన శాస్త్రం చదివి, ఇంటర్ పిల్లలకు ఏళ్ల తరబడి పాఠం చెప్పిన నేను కూడా చాలాకాలం దాని గురించి ఆలోచించలేదు.

మా అక్క కూతురు న్యూజెర్సీ నుంచి వచ్చినప్పుడు దాని సామాన్లలో ఓ బుల్లి గాజుసీసా కనిపించింది. "బకూచియాల్ అంటారు పిన్నీ. రెటినాల్ రాసుకుంటే మొహం పొలుసులు లేస్తోంది. ఇదైతే పూర్తిగా నేచురల్, ఏ కెమికలూ లేదు" అంది. దాని ధరను నేను రూపాయల్లోకి మార్చుకోలేదు. మార్చుకుంటే మాట పెగలదని భయం. బకూచియాల్ అంటే బాకుచి గింజల్లోంచి తీసినది. బాకుచి అంటే మా అమ్మ సగం తీసి పక్కన పెట్టే బావంచాలే. ఆ మాట చెబితే పిల్ల నమ్మలేదు. పై అరలోంచి డబ్బా దింపి వాసన చూపించాక, "ఇంత కంపు కొడుతుందా!" అని మొహం తిప్పుకుంది.

ఆ సీసాలోని పదార్థానికి ఓ చరిత్ర ఉంది, అందులో మన హైదరాబాదుకూ కాస్త వాటా ఉంది. 1966లో పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో సుఖ్‌దేవ్ బృందం బావంచాల్లోంచి ఈ అణువును విడదీసి దాని పొందిక తేల్చింది. ఆ బృందంలో అప్పటికి కుర్ర పరిశోధకుడైన గోవర్ధన్ మెహతా తర్వాత హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్ర విభాగాన్ని నిలబెట్టారు, అక్కడే వైస్ ఛాన్సలర్‌గానూ పనిచేశారు. దాన్ని మొహానికి రాసుకోవచ్చన్న సంగతి మాత్రం లోకానికి చాలా ఆలస్యంగా తట్టింది. 2019లో బ్రిటిష్ చర్మవైద్య పత్రికలో ఒక పరీక్ష వివరాలు వచ్చాయి. 44 మందిని రెండు జట్లు చేసి, 12 వారాల పాటు ఒక జట్టు చేత బకూచియాల్, మరో జట్టు చేత రెటినాల్ వాడించారు. ముడతలూ మచ్చలూ రెండింటితోనూ ఇంచుమించు ఒకేలా తగ్గాయి. పొలుసులు లేవడం, చురచురమనడం రెటినాల్ జట్టులో ఎక్కువ. నలభై నాలుగు మందితో జగత్తు తేలిపోదు గానీ, సీసాలు అమ్ముకోవడానికి ఆ మాత్రం చాలు.

అసలు ముచ్చట ఇక్కణ్నుంచి మొదలవుతుంది. అదే గింజలో సొరాలెన్ అనే మరో పదార్థం ఉంది. చీకట్లో ఉన్నంతసేపు బుద్ధిమంతురాలు. చర్మంలోకి ఇంకాక ఎండ తగిలిందా, అందులోని అతినీలలోహిత కిరణాలను పట్టుకుని కణాల డీఎన్‌ఏకి అతుక్కుంటుంది. చర్మం కందిపోతుంది, బొబ్బలెక్కుతుంది, మానాక నల్లమచ్చ మిగులుతుంది. ఈ గుణం తెలిసే మన వైద్యులు బొల్లి మచ్చల మీద బావంచాలు పూసి ఎండలో కూచోబెట్టేవాళ్లు. ఆధునిక వైద్యం అదే పద్ధతిని పట్టుకుని, మోతాదు కట్టి, దీపం కింద సెకన్లు లెక్కపెట్టి చేస్తుంది. మందుగా పనికొచ్చేదీ, మంట పెట్టేదీ ఒకటే గుణం.

అంచేత మొహానికి రాసుకునే బకూచియాల్ తయారు చేసేవాళ్లు ముందుగా చేయాల్సిన పని దానిలోంచి సొరాలెన్‌ను తీసిపారేయడం. అంటే మా పిల్ల దగ్గరున్న "పూర్తిగా నేచురల్" సీసా ఎంత నిశ్చింతగా వాడుకోదగ్గదయితే, ఫ్యాక్టరీ దానిలోంచి ప్రకృతిని అంత శ్రద్ధగా ఏరిపారేసిందన్నమాట. ఈ మాట దానికి చెప్పాను. "నువ్వు ప్రతిదానికీ మెలిక పెడతావు పిన్నీ" అంది. మెలిక నాది కాదు, గింజది.

సొరాలెన్ కుటుంబం వాళ్లు నిమ్మకాయ తొక్కలోనూ కాపురముంటారు. గూడూరు నిమ్మకాయ కోసి, చెక్కతో మొహం రుద్దుకుని, మిట్టమధ్యాహ్నం స్కూటరెక్కి బజారుకెళ్లిన ఆడపిల్ల బుగ్గ మీద సాయంత్రానికో మర్నాటికో ఎర్రటి చార తేలితే చర్మవైద్యులకు ఆశ్చర్యం ఉండదు. వాళ్లు దాన్ని మొక్కా ఎండా కలిసి చేసిన గాయం అంటారు. నిమ్మరసం పులుపు లెక్క వేరే ఉంది. చర్మం పైపొర కొద్దిపాటి పులుపును ఇష్టపడుతుంది, పీహెచ్ లెక్కలో 5 దగ్గర. నిమ్మరసం 2 దగ్గర ఉంటుంది. వారపత్రికల సౌందర్య చిట్కాల శీర్షికల్లో నిమ్మరసం, తేనె లేని వారం ఉండదు, ఎండ సంగతి మాత్రం ఏ వారమూ రాయరు.

పుట్టుకను బట్టి పదార్థం గుణం మారుతుందా అన్న ప్రశ్నకు రసాయన శాస్త్రం ఎప్పుడో జవాబు చెప్పేసింది. 1828లో ఫ్రెడరిక్ వోలర్ అనే జర్మన్ యువకుడు బెర్లిన్‌లో అమ్మోనియం సయనేట్‌ను వేడిచేస్తే తెల్లటి స్ఫటికాలు వచ్చాయి. చూస్తే యూరియా. అప్పటిదాకా అది ప్రాణమున్న దేహంలో మాత్రమే పుడుతుందని, దాని వెనక ఏదో జీవశక్తి ఉందని పెద్ద పెద్ద వాళ్లే అనుకునేవారు. మనిషి కిడ్నీ గానీ కుక్క కిడ్నీ గానీ అక్కర్లేకుండా యూరియా చేశానని వోలర్ తన గురువు బెర్జీలియస్‌కు ఉత్తరం రాశాడు. ఒక్క ఉత్తరంతో జీవశక్తి వాదం కూలిపోలేదు. పాఠ్యపుస్తకాలు అలా రాస్తాయి గానీ, అది కూలడానికి ఇంకో తరం పట్టింది. నేను చూసినంతలో మందుల షాపుల్లోనూ బ్యూటీ పార్లర్లలోనూ ఇంకా కూలలేదు.

యూరియా గురించి తెలుగువాడికి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. సీజన్ వస్తే సొసైటీ ముందు చెప్పులు వరసలో పెట్టి నిలబడేది దానికోసమే. రామగుండంలో సహజవాయువు నుంచి అమ్మోనియా చేసి, దానికి బొగ్గుపులుసు వాయువు కలిపి చేస్తారు.  పాదాలు పగిలినప్పుడు చర్మవైద్యుడు రాసిచ్చే పది శాతం క్రీము కూడా ఫ్యాక్టరీ యూరియాయే, శుద్ధి మాత్రం వేరు. మన చర్మం పైపొర తేమను పట్టి ఉంచుకోవడానికి తనంతట తాను దాచుకునే సరుకుల్లో యూరియా ఒకటి. కాలి మడమకు తన సొంత యూరియాకూ సీసాలో వచ్చిన యూరియాకూ తేడా తెలియదు. తెలుసుకునే మార్గమే లేదు, రెండింటిలోనూ అవే అణువులు, అదే అమరిక. తేడా ఏమైనా ఉంటే దాంతోపాటు వచ్చిన మలినాల్లో ఉంటుంది. అందుకే పొలానికి తెచ్చిన బస్తాలోంచి గుప్పెడు తీసి నీళ్లలో కలిపి మడమలకు పట్టించే ప్రయోగం ఎవరూ చేయొద్దు. ఈ మాట ఎందుకంటున్నానంటే, మా ఊళ్లో ఒకాయన చేశాడు.

మరోవైపు ప్రకృతి మనిషి చర్మాన్ని దృష్టిలో పెట్టుకుని ఏదీ తయారు చేయలేదు. మామిడికాయ తొడిమ తుంచగానే చిమ్మే సొన పెదవి చివర తగిలితే ఏమవుతుందో ఆవకాయ పెట్టే ఇళ్లలో పుట్టినవాళ్లందరికీ తెలుసు. కాయను పురుగుల నుంచి కాపాడుకోవడానికి చెట్టు చేసుకున్న ఏర్పాటది. దాని దగ్గరి చుట్టం నల్లజీడి. చాకలివాళ్లు ఎవరి బట్టలు ఎవరివో గుర్తుండడానికి ఆ గింజ రసంతో అంచు మీద చుక్కలు పెట్టేవాళ్లు. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ గుర్తు పోదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మన దేశంలో ఉన్న అమెరికన్ సైనికుల మెడల మీద వింత దద్దుర్లు లేస్తే, వాళ్ల డాక్టర్లు తలలు పట్టుకుని, చివరికి చొక్కా కాలరు లోపల ధోబీ పెట్టిన చుక్కను పట్టుకున్నారు. పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ల వేళ్లు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. నల్లజీడి వందశాతం సేంద్రియం, అడవిలో పెరిగింది, ఏ ఫ్యాక్టరీ గాలీ సోకలేదు.

ఆముదం సంగతి ఇంకా విచిత్రం. గింజలో రైసిన్ ఉంది, మనిషి ఎరిగిన ఘోరమైన విషాల్లో ఒకటి. అదే గింజ నూనె పసిపిల్లల మాడుకు పెట్టేవాళ్లం. రైసిన్ ప్రోటీను కనుక నూనెలో కరగదు, పిండిలో ఉండిపోతుంది, వేడికి చెడిపోతుంది. లోకంలో అమ్ముడయ్యే లిప్‌స్టిక్‌లలో చాలావాటికి నిగారింపు తెచ్చేది ఆముదమే. నడుము నొప్పికి ఆముదం పట్టు వేసుకున్న నాయనమ్మను చూసి ముక్కు మూసుకునే పిల్లలు, దాన్నే పెదాలకు పూసుకుని ఫోటోలు దిగుతారు.

కుంకుడుకాయను నేను తప్పుపట్టలేను. దానితో నాకున్న బంధం అలాంటిది. కానీ పండగనాడు తలంటు పోస్తుంటే కుంకుడు రసం కళ్లలో పడి, ఉప్పురాయి నోట్లో వేసుకో తగ్గుతుంది అని పెద్దవాళ్లు అంటుంటే, వేసుకుని కూడా ఏడ్చిన తరం మాది. కుంకుడులో నురగనిచ్చేవి సపోనిన్లు. జిడ్డును పట్టి నీళ్లలోకి లాగే గుణం వాటిది. షాంపూలోని సోడియం లారిల్ సల్ఫేటు చేసేదీ అదే పని. సపోనిన్లున్న కాయలూ బెరళ్లూ దంచి నీళ్లలో కలిపి చేపల్ని పట్టడం చాలా దేశాల్లో పాత పద్ధతి. చేప మొప్పల్ని పాడుచేసేంత పదును ఉంది వాటికి. అలాగని తలంటు విషమని కాదు, మనకు మొప్పలు లేవు.

ఇక ఆ లారిల్ సల్ఫేటు అంటే భయపడనివాళ్లు లేరు. క్యాన్సరు తెస్తుందని పాతికేళ్లుగా చక్కర్లు కొడుతున్న పుకారుకు ఆధారం లేదు గానీ, చర్మాన్ని ఎండగొట్టి మంటపెట్టే గుణం మాత్రం నిజమే. చర్మం ఎంత తట్టుకుంటుందో చూసే ప్రయోగాల్లో వైద్యులు కావాలని మంట పుట్టించడానికి వాడేది దాన్నే. ఇంతకీ ఆ లారిల్ ఎక్కణ్నుంచి వస్తుంది? ఎక్కువగా కొబ్బరినూనె నుంచి, లేదా పామ్ గింజల నూనె నుంచి. కొబ్బరికాయను ఎంతదూరం తీసుకెళ్తే అది సహజత్వం పోగొట్టుకుంటుందో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. ఇంట్లో చేసిన సబ్బు అని గోనెగుడ్డలో చుట్టి అమ్మేదానికి కూడా కాస్టిక్ సోడా లేకుండా పుట్టుక లేదు. కన్ను మండని పసిపిల్లల షాంపూ వచ్చింది మాత్రం ప్రయోగశాల నుంచే. కుంకుడు చెట్టుకు పిల్లల కళ్ల మీద అంత జాలి లేదు.

అలాగైతే మా అమ్మ నలుగు మాకెవరికీ హాని చేయలేదెందుకు? నేను ఎక్కువ ఆలోచించింది దీని గురించే. పెసరపిండి, పసుపు, బావంచాలు, ఓ చెంచా నువ్వులనూనె. అందులో ఏ దినుసుకూ మహత్తు లేదు. ఆ పూట కలిపి, ఆ పూట రుద్ది, పావుగంటలో కడిగేసేవాళ్లం. మిగిలిన ముద్ద మర్నాటికి పులిసిపోయేది, పారబోసేవాళ్లం. బావంచాల్లో సొరాలెన్ ఉన్నా చర్మంలోకి ఇంకే వ్యవధి దానికి తక్కువ, పైగా నలుగు పెట్టుకునేది తెల్లవారుజామున చీకటితో. క్రిములు పెరగడానికి తీరిక లేదు. ఆ పిండి విసిరిన చెయ్యి ఎవరిదో తెలుసు, పసుపు కొమ్ము ఎక్కడ కొన్నామో తెలుసు. అమ్మ పద్ధతిలో భద్రత ఉన్నది ప్రకృతి వల్ల కాదని, కాలం వల్లనని నా అనుమానం. అనుమానమేమిటి, ఇప్పుడు నమ్మకమే.

చట్టాలు కూడా ఇదే లెక్క వేస్తాయి. ఐరోపా నిబంధనలు చూస్తే ఒకే పదార్థానికి రెండు రకాల హద్దులు కనిపిస్తాయి, కడిగేసేవాటికి ఒకటి, ఒంటిమీద ఉంచేసేవాటికి మరొకటి. పదార్థం ఎక్కడ పుట్టిందన్నది అక్కడ లెక్కలోకి రాదు. ఎంత, ఎక్కడ, ఎంతసేపు, అంతే.

ఆ పూట నలుగును పొట్లం కట్టి రెండేళ్ల పాటు అమ్మాలనుకున్నప్పుడు చిక్కు మొదలవుతుంది. పొడిగా ఉంటే కొంత నయం. నీళ్లు కలిసి క్రీమో జెల్లో అయ్యిందంటే అది క్రిములకు పెళ్లిభోజనం. పెరట్లోని కలబంద మట్ట చీల్చి గుజ్జు తీసి ఫ్రిజ్‌లో పెడితే నాలుగు రోజుల్లో ఎలా మారుతుందో చూసినవాళ్లకు తెలుసు. 1970లలో అమెరికాలో మస్కారా గొట్టాల్లో పెరిగిన సూడోమోనాస్ అనే క్రిమి, కంటి నల్లగుడ్డు మీద చిన్న గీత పడ్డ ఆడవాళ్ల చూపును దెబ్బతీసింది. కాబట్టి నిలవ ఉండాలంటే ఏదో ఒకటి కలపాలి. పచ్చడికి ఉప్పూ నూనే కలిపినట్టే. అంత ఉప్పు మొహానికి రాసుకోలేం గనక పారబెన్లు వచ్చాయి.

పారబెన్లు 1920ల నుంచి వాడుకలో ఉన్నాయి. చవక, వాసన లేదు, చిటికెడు చాలు. ఆ మాటకొస్తే మిథైల్ పారబెన్ కొన్ని మొక్కల్లోనూ ఉంది. 2004లో ఇంగ్లండులోని రీడింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫిలిప్పా డార్బర్ బృందం 20 రొమ్ము కణుతుల నమూనాల్లో పారబెన్ల ఆనవాళ్లు కనిపించాయని ప్రకటించింది. కణుతి లేని కణజాలంలో ఉన్నాయా లేదా అని పక్కన పెట్టి పోల్చలేదు. క్యాన్సరుకు అవే కారణమని ఆ బృందం కూడా అనలేదు. అయినా వార్త తన దారిన తాను నడిచింది. కొన్నేళ్లకే "పారబెన్ లేదు" అని రాయని సీసా లేదు. నిజానికి ఆందోళనకు బొత్తిగా ఆధారం లేదనీ అనలేం. వీటికి బలహీనంగానైనా ఈస్ట్రోజెన్‌ను అనుకరించే గుణం ఉంది. 2014లో ఐరోపా సమాఖ్య ఐదు రకాల పారబెన్లను ఆపేసింది, మరో రెండింటికి హద్దులు కుదించింది. పొట్టివైన మిథైల్, ఇథైల్ రకాలను మాత్రం ఉండనిచ్చింది.

సీసా మీద పారబెన్ పేరు చెరిపేసిన చోట ఇంకోటి రాయాలి కదా. చాలా కంపెనీలు మిథైల్ ఐసోథయాజోలినోన్ అనే దాన్ని తెచ్చి పెట్టాయి. పారబెన్ల మీద వచ్చినంత పుకారు దాని మీద రాలేదు, జనం మొహాలే దద్దుర్లతో లేచిపోయాయి. తడి టిష్యూలతో పిల్లల పిరుదులు తుడిచిన తల్లుల చేతులు పగిలాయి. అమెరికాలోని స్పర్శ చర్మవ్యాధుల వైద్యుల సంఘం ఏటా ఒక పదార్థాన్ని ఆ ఏటి అలర్జీకారకంగా ప్రకటిస్తుంది, 2013లో ఆ పదవి దీనికి దక్కింది. ఐరోపా వాళ్లు ఒంటిమీద ఉంచేసే క్రీముల్లో దీన్ని నిషేధించి, కడిగేసేవాటిలో మాత్రం చాలా కొద్దిగా అనుమతించారు. ఇక 2019లో అదే వైద్యుల సంఘం ఒక తమాషా చేసింది. ఆ ఏటి అలర్జీకారకం కానిది అని పారబెన్లకు బిరుదు ఇచ్చింది. పాత కోడలి విలువ కొత్త కోడలు వచ్చాక తెలిసినట్టుంది వ్యవహారం. ఇన్నేళ్ల భయానికి అది క్షమాపణ అనుకోవచ్చు. సీసాల మీద అచ్చు మాత్రం మారలేదు, "పారబెన్ లేదు" ఇంకా అలాగే ఉంది.

వాసెలీన్ మాటేమిటంటారా? పెట్రోలు బావుల్లో పుట్టిన సరుకు, దాన్ని మొహానికి రాసుకోవడమేమిటని మా పిల్ల కూడా అంది. శుద్ధి సరిగ్గా చేసిన పెట్రోలియం జెల్లీకి అలర్జీ వచ్చేవాళ్లు ఎంత అరుదంటే, అలర్జీ పరీక్షలకు వీపు మీద అతికించే పదార్థాలను వైద్యులు కలిపేదే దానిలో. ఎటూ పక్షం వహించని మనిషిని పంచాయితీకి పిలిచినట్టు. చందనం, లావెండరు, నిమ్మగడ్డి నూనెలకు ఆ యోగ్యత లేదు. వాటి సువాసనల్లో ఉండే లినలూల్, సిట్రాల్, జెరానియాల్ వంటివి ఐరోపాలో పేరు విప్పి సీసా మీద రాయాల్సిన అలర్జీకారకాల పట్టికలో ఉన్నాయి. మీసాలకు సంపెంగ నూనె రాసుకునేవాణ్ని మన సామెత వేరే కారణానికి వెక్కిరించింది గానీ, ఈ కారణానికి కూడా పనికొస్తుంది.

ఇంతదాకా విని నేను ఫ్యాక్టరీల తరఫు వకీలునని అనుకోవద్దు. స్టిక్కర్ బొట్టు కథ వినండి. కుంకుమ రోజుల్లో నుదుటి మీద తెల్లమచ్చ ఎవరికీ పెద్దగా తెలియదు. స్టిక్కర్లు వచ్చాక చర్మవైద్యుల దగ్గరికి బొట్టు ఎంత ఉందో సరిగ్గా అంత తెల్లమచ్చతో ఆడవాళ్లు రాసాగారు. రంగు నేరం కాదు, జిగురు నేరం. అందులోని పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే పదార్థం కొందరిలో చర్మానికి రంగునిచ్చే కణాలను చంపేస్తుంది. ఇక్కడా కాలమే లెక్క. కుంకుమ రాత్రి మొహం కడుక్కుంటే పోతుంది. స్టిక్కరును స్నానం చేసేటప్పుడు తీసి బాత్రూం అద్దానికి అతికించి, ఒళ్లు తుడుచుకుని మళ్లీ అదే చోట పెట్టుకుంటాం, జిగురు ఊడిపోయేదాకా. మన బాత్రూం అద్దాలే సాక్షి.

టాల్కం పౌడరు గనిలో దొరికే రాయి పొడి. అంతకన్నా సహజమైనది ఏముంటుంది? ఆ రాయి భూమిలో ఆస్‌బెస్టాస్‌కు పక్కింటిది కావడంతో, తవ్వేటప్పుడు అదీ కలిసి వచ్చే ప్రమాదం ఉంది. వేల దావాల తర్వాత, పసిపిల్లల పౌడరంటేనే గుర్తొచ్చే పెద్ద కంపెనీ 2020లో అమెరికా, కెనడాల్లో, 2023లో ప్రపంచమంతటా టాల్కును మానేసి మొక్కజొన్న పిండికి మారింది.

అమ్మమ్మలను కూడా మొత్తానికి మొత్తంగా సమర్థించలేను. ఆముదం దీపం మీద పళ్లెం బోర్లించి, పట్టిన మసిని నేతితో రంగరించిన కాటుక ఎంత ఇంటిదైనా మసి మసే. మసి ఏం చేయగలదో 1775లోనే లండన్‌లో పెర్సివల్ పాట్ అనే సర్జన్ పొగగొట్టాలు తుడిచే కుర్రాళ్ల క్యాన్సర్లను చూసి ఊహించాడు. అంత మసి మన కంటికి పట్టదు, నిజమే. అందుకని నేను కాటుక పెట్టుకోవడం మానలేదు, పసిపిల్లల కళ్లకు పెట్టడం మాత్రం ఒప్పుకోను. పాతబస్తీలో సుర్మా అంటే మరీ భయం. అసలు సుర్మా గెలీనా అనే ఖనిజం, అంటే సీసం గంధకంతో కలిసిన రాయి. పిల్ల కన్ను నులుముకుని ఆ వేలు నోట్లో పెట్టుకుంటే సీసం లోపలికి వెళ్తుంది. పావుగంటలో కడిగేసుకోవడానికి అది నలుగు కాదు, ఎముకల్లో చేరి దశాబ్దాలు ఉంటుంది. పసిపిల్లల మెదడుకు ఇంత సీసం ఫరవాలేదు అని చెప్పగల హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. పసుపు నిగనిగలాడడానికి లెడ్ క్రోమేట్ కలిపే కల్తీగాళ్లున్న రోజుల్లో, పొడి కొనేకన్నా కొమ్ములు కొని దంచుకోవడం మేలన్న అమ్మ చాదస్తాన్ని ఇప్పుడు గౌరవిస్తున్నాను.

తెల్లబడే క్రీములది అన్నిటికన్నా ఘోరం. అందులో పాదరసం ఉంటే చర్మం రంగు నిజంగానే తగ్గుతుంది, కిడ్నీలు కూడా తగ్గిపోతాయి. 2023లో కేరళ మలప్పురం జిల్లాలో కిడ్నీ వైద్యులు, మూత్రంలో ప్రోటీన్ పోతున్న కొందరు రోగులను ఆరా తీస్తే తేలింది ఇలాంటి క్రీముల వాడకమే. మన 2020 కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం కంటికి వాడేవి కాక మిగతావాటిలో, పొరపాటున చేరిన పాదరసమైనా పది లక్షల వంతుల్లో ఒక వంతు దాటకూడదు. నిబంధన బాగానే ఉంది, ఆ డబ్బాల మీద తయారీదారు పేరే సరిగా ఉండదు. కొన్నిటి మీద ఆకు బొమ్మ మాత్రం ఉంటుంది.

ఆ ఆకు బొమ్మకు అర్థమేమిటో అమెరికా ఎఫ్‌డీఏ కూడా ఇంతవరకు నిర్వచించలేదు. సౌందర్య సాధనాల్లో సహజత్వం లెక్కగట్టడానికి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఒక పద్ధతి పెట్టింది. దాని ప్రకారం నీళ్లు సహజమే, లెక్కలో కలుపుకోవచ్చు. లోషన్‌లో ముప్పాతిక వంతు నీళ్లే అయినప్పుడు "తొంభై శాతం సహజం" అని రాయడానికి పెద్ద తపస్సు అక్కర్లేదు.

మొన్న మా ఆడపడుచు మనవరాలి పెళ్లికని జుట్టుకు రంగు వేయించుకుందామని పార్లర్‌కు వెళ్లాను. "హెర్బల్ వేయమంటారా మేడమ్, మామూలుదా?" అంది ఆ అమ్మాయి. గోరింటాకులో ఉన్నది లాసోన్ అనే రంగు, అది ఎర్రగా పండుతుంది, గంటలు పడుతుంది. నలుపు కావాలంటే తర్వాత నీలి ఆకు పెట్టాలి. అరగంటలో నల్లబడే గోరింటాకు ఈ భూమ్మీద లేదు. ఆ నలుపు పారాఫినైలీన్ డయామిన్‌ది. 1909లో జుట్టు రంగుల కంపెనీ పెట్టిన యూజీన్ షుయెలర్ కాలం నుంచీ ఆ లోకాన్ని ఏలుతున్నది అలాంటి రసాయనాలే. పడనివాళ్లకు మొహమంతా వాచి కళ్లు మూసుకుపోయేలా చేస్తుంది. రెండు పెట్టెల మీదా చిన్న అక్షరాలు చదవమన్నాను. పాపం కళ్లు చికిలించి కూడబలుక్కుంటూ చదివింది.

"రెండిట్లోనూ అదే ఉంది మేడమ్."

"మరి తేడా ఏమిటమ్మా?"

"హెర్బల్‌ది నూటయాభై ఎక్కువ."

పెట్టెలో ఉన్న కాగితం ప్రకారం చెవి వెనక కాస్త రాసి రెండు రోజులు ఆగాలి కదా అంటే, ఆ అమ్మాయి నన్ను జాలిగా చూసింది. పెళ్లి ఆ రాత్రికే. తెల్లజుట్టుతోనే వెళ్లాను. మా తోడికోడలు అదే హెర్బల్ రంగు వేయించుకుని, పూలు పెట్టుకుని, నాకన్నా పదేళ్లు చిన్నదానిలా వచ్చింది. తనకేమీ కాలేదు. చాలామందికి ఏమీ కాదు కూడా.